జమానతు ముద్ద

రేణుక ఇప్పపువ్వు గంప నెత్తిన పెట్టుకుని ముంగిట్లోకి వచ్చేసరికి అత్త సారలమ్మ కోళ్ల గొంతులు కోస్తోంది.

కొన్ని కోళ్లు అప్పటికే కాళ్లు చాచేశాయి. కొన్ని మట్టిలో రెక్కలు కొట్టుకుంటున్నాయి. సారలమ్మ గొంతుక్కూర్చుని, ఊపిరి ఉన్నవాటిని ఏరి ఏరి పట్టుకుంటోంది. పొయ్యి మీద ఈకలు పీకడానికి నీళ్లు కాగుతున్నాయి.

"నిలబడి చూస్తవేంది? ఆ పుంజును పట్టు. పానం పోయినంక కోస్తే ఎవడు తింటడు?"

రేణుక గంప దించింది. "ఏమైందత్తా?"

"కొక్కెర తెగులు. ఇంకేముంటది? వద్దు వద్దంటే సర్కారోళ్లిచ్చిన నల్లకోళ్లను తెచ్చి మన కోళ్లల్ల కలిపినవ్. ఇంటి నిండ తెగులు తెచ్చినవ్."

చీకటితో గూడు తలుపు తీసింది రేణుకే. అప్పుడు ఈ పుంజే గోడెక్కి కూసింది. కొక్కెర తెగులు ఇట్లా రాదు. ముందు కోళ్లు మూలకు చేరి ముడుచుకుంటాయి. తెల్లగా, పచ్చగా రెట్ట వేస్తాయి. మెడలు వంకర పోతాయి. ఒకటి పోయాక ఇంకోటి పోతుంది. అడవికి పోయి గంపెడు పువ్వు ఏరుకొచ్చేలోగా మందకు మంద పడిపోవడం ఆమె ఎన్నడూ చూడలేదు. పైగా ఈసారి అన్నిటికీ కంట్లో చుక్కల మందు తనే వేయించింది.

గోడ పక్కన బోర్లించిన గంప ఎత్తి చూసింది. లోపల పిల్లలకోడి గుర్రుమంది. పిల్లలన్నీ బాగానే ఉన్నాయి. బాతులు ఇంటెనక మడుగులో ఎప్పటిలాగే అరుస్తున్నాయి.

పడినవన్నీ ఒక్కచోటే పడ్డాయి. మాంసం కొట్టే మొద్దు చుట్టూ.

మొద్దు అవతల ఒక కాకి వెల్లకిలా పడి ఉంది.

"అత్తా," అంది రేణుక. "కాకికి గూడ నా నల్లకోళ్లే తెగులు అంటించినయా?"

సారలమ్మ చేతిలో కత్తి ఆగింది.

రేణుక మొద్దు దగ్గర వంగింది. దాన్ని ఎవరో నీళ్లు పోసి కడిగారు. ఆ నీళ్లు పారిన దారిలో చీమలు చచ్చి నల్లటి గీతలా ఉన్నాయి.

"పొద్దున దీని మీద ఏం కోసినవ్?"

"నేనేం కోస్తే నీకేంది?"

"అత్తా, నిన్నే అడుగుతున్న."

సారలమ్మ చేతిలోని కోడిని కింద పెట్టింది. అది కదలలేదు. ఆమె కోడలి వైపు చూడకుండా, వాగు వైపు చూస్తూ మాట్లాడింది.

"మేక తొడ కోసిన. బుధ్రి మేక."

రేణుకకు మొదట అర్థం కాలేదు. నిన్న మధ్యాహ్నం వాగు ఒడ్డున చిరుత పట్టిన మేక వాగవతలి ముసలమ్మ బుధ్రిదే. పాలుకు తెచ్చుకున్న మేక. కాసేది వీళ్లు, పిల్లలు పుడితే చెరి సగం. ఇంతకుముందు చిరుత ఎత్తుకుపోయిన మేకపిల్లల సంగతి చెప్తే బుధ్రి నమ్మలేదు. సంతలో అందరి ముందు నవ్వింది. "ఆ చిరుతకు రెండే కాళ్లు. దాని పేరు వీరేందర్," అంది. ఆ మేకకు పూచీగా జమానతు నిలబడ్డ రేణుక తండ్రి భూషణం కూడా అక్కడే ఉన్నాడు. తలెత్తలేదు.

ఆ రోజు నుంచి రేణుక మొగుడు వీరేందర్ ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

"చెప్పకుండ పోయి కోసినవా?"

"ఎవనికి చెప్పాలె? పాలుమేక సస్తే తొడ, తోలు, చెవి దాని ఇంటికి పంపాలె. అది ఇయ్యాల పుట్టిన పద్ధతా? నీ మొగనికి రోషమే గని పద్ధతి తెల్వదు. నిన్ననే పంపాల్సింది. మాట్లాడకుండ కొమ్మలు కప్పి వచ్చిండు. అందుకే చీకటితోని నేనే పోయి కోసుకొచ్చిన. ఈడ శుభ్రం జేసి, పసుపు, ఉప్పు పూసి బుధ్రి చేతుల పెట్టి వచ్చిన. ఇగో నీ మేక, చెవి గాటు చూస్కో అని చెప్పొచ్చిన."

"కోళ్లు తిన్నయా?"

"తునకలు పడితే తినవా మరి?"

రేణుక పొయ్యి దగ్గరికి పోయి కాగుతున్న నీళ్ల గిన్నె దించి పక్కన పెట్టింది. కోసిన కోళ్లను కాళ్లు పట్టి ఒక్కొక్కటే కుప్పగా లాగింది.

"ఏం జేస్తున్నవే?"

"వీటిని ఎవరు ముట్టద్దు. చేతులు కడుక్కో అత్తా. సబ్బుతోని, మోచేతుల దాక."

సారలమ్మ తన చేతుల వంక చూసుకుంది. అప్పుడే దడి పక్కన తడిక చప్పుడైంది. వీరేందర్ వాగు నుంచి వచ్చాడు. లుంగీ మోకాళ్ల దాకా తడిసి ఉంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"మేక కాలు ఎవరు కోసిన్రు?"

సారలమ్మ కత్తిని పక్కకు జరిపింది.

"కోరలతోని పీకింది గాదు. కత్తితోని కోసిన్రు. ఎవరు?"

అప్పుడతను కోళ్ల కుప్పను చూశాడు. తర్వాత మొద్దును చూశాడు. తర్వాత తల్లిని.

"ఏం పోసినవ్?" అంది రేణుక.

"చిరుత కోసం పోసిన. రాత్రి తప్పకుండ వస్తదనుకున్న. సచ్చిన చిరుతను ఈడ్చుకపోయి ఆ ముసల్దాని వాకిట్ల పడేద్దమనుకున్న. దానికెన్ని కాళ్లో లెక్కబెట్టుకొమ్మందమనుకున్న."

"ఏం మందు?"

"ఏదైతే నీకెందుకు?"

"తొడల పోసినవా?"

"అదే ముందు తింటది గదా," అన్నాడు వీరేందర్. గొంతు పిల్లవాడి గొంతులా ఉంది.

సారలమ్మ లేచి నిలబడబోయి మళ్లీ కూర్చుంది. "వాసనొచ్చింది బిడ్డా. చిరుత ఉచ్చ బోసిందనుకున్న. బాగ కడిగిన. ఎన్నిసార్లు కడిగిన్నో."

"నువ్వు తిన్నవా?" వీరేందర్ తల్లి భుజాలు పట్టుకున్నాడు. "అమ్మా, నువ్వు నోట్లె పెట్టుకున్నవా?"

"కాసినోళ్లు ఆ మాంసం ముట్టద్దు. ముడితే మనమే కోసుకున్నమంటరు. చిన్న ముక్క గూడ ఉంచుకోలే."

వీరేందర్ గట్టిగా ఊపిరి వదిలాడు. ఆ ఊపిరి వదిలిన తీరు రేణుకకు నచ్చలేదు. పని అయిపోయినట్టు వదిలాడు.

ఆమె రవికెలోంచి ఫోన్ తీసింది. నంబరు వెతికేలోపే అతను లాక్కున్నాడు.

"ఎవరికి?"

"బుధ్రి అవ్వకు. ఇంక వండకపోవచ్చు. ఇయ్యి."

"ఏమని చెప్తవ్?"

"తినద్దని చెప్త."

"ఎందుకు తినద్దంటది. అప్పుడేం చెప్తవ్? మందు పోసినమని చెప్తవా? ఫారెస్టోళ్లు రేపు పొద్దుగాల్నే మన ముంగిట ఉంటరు. చిరుతకు మందు పెట్టినోణ్ణి ఎన్నేండ్లు లోపలేస్తరో తెల్సా నీకు? ముసల్ది పోయిందనుకో, ఇగ ఖూనీ కేసే. థానా, కచేరి, జైలు. అయిపాయె."

"పోకముందే ఆపుదామంటున్న."

"నేనే పోయి చూసొస్త."

"చూసొచ్చేదేంది? సచ్చిందా లేదా అనా?"

వీరేందర్ చేయెత్తాడు. సారలమ్మ దగ్గింది. చెయ్యి అక్కడే ఆగింది.

సారలమ్మ చచ్చిన పుంజును ఒళ్లోకి తీసుకుని దాని తోక ఈకలు సర్దింది. తలెత్తకుండానే అంది:

"కోళ్లు సచ్చినయి. అందరికి కండ్ల ముందల కనబడుతున్నయి. ఊళ్లె తెగులొచ్చిందంటే ఎవరు కాదంటరు? ఆ ముసల్ది గూడ తెగులు కోడిని తినే..."

"అత్తా."

సారలమ్మ ఆగిపోయింది.

"ఇందాక తెగులని నువ్వు తెల్వకన్నవ్. ఇప్పుడు తెల్సి అంటున్నవ్."

"వీడు నా కొడుకే."

"నాకు మొగడు. అయితే?"

రేణుక తడిక వైపు నడిచింది. వీరేందర్ అడ్డం వచ్చాడు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. అతను తడికను వదల్లేదు.

"పోతే మళ్ల ఈ ఇంట్లకు రాకు."

"రాను. జరుగు."

అతను జరగలేదు.

"పోనియ్‌ రా," అంది సారలమ్మ వెనక నుంచి. "నా చేత్తోని ఇచ్చొచ్చిన. అది సస్తే నా చేతుల సచ్చినట్టు. పోనియ్."

వీరేందర్ తల్లి వంక చూశాడు. తడిక వదిలాడు.

రేణుక బయట అడుగు పెట్టేలోగా సారలమ్మ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. ఇంకా కడుక్కోని చెయ్యి, నెత్తుటి తడి. "మందు మాట ఎత్తకు బిడ్డా. మాంసం పాడైందని చెప్పు. చిరుత ముట్టింది, మంచిది గాదని చెప్పు. దాన్నిప్పించుకుని రా. తినకుంటే సాలు గదా. మందు మాట ఎందుకు? నీకు దండం పెడత."

రేణుక తల ఊపింది. ఎందుకు ఊపిందో ఆమెకే తెలియదు.

*

వాగులో నీళ్లు మోకాళ్ల లోతు లేవు. ఎండ అప్పుడే రాళ్ల మీద కాలుతోంది. రేణుక పరుగెత్తుతుంటే వెనక అడుగుల చప్పుడు వినబడింది. తిరిగి చూస్తే వీరేందర్. ఆపడానికి కాదు, కలిసి రావడానికీ కాదు. నీళ్ల అంచు దాకా వచ్చి ఆగిపోయాడు.

"ఫోనియ్యి," అని అరిచింది.

అతను వినబడనట్టు నిలబడ్డాడు.

ఆమె దాటింది. అవతలి గట్టెక్కితే బుధ్రి ఇల్లే మొదటిది. మట్టి గోడ, పైన తాటాకు. పందిపిల్లలు గోడ నీడలో పడుకుని ఉన్నాయి. వాకిట్లో పొయ్యి. పొయ్యి మీద కుండ. కుండ మీద మూత. మూత సందులోంచి ఆవిరి.

పొయ్యి పక్కనే బుధ్రి కూర్చుని ఆకులతో దొన్నెలు కుడుతోంది.

బతికే ఉంది. రేణుక గోడను పట్టుకుని నిలబడింది.

"ఏందే, కుక్కలు తరిమినట్టు వచ్చినవ్?" అంది బుధ్రి. "కూసో. మీ అత్త ఏమన్న మర్చిపోయిందా?"

"తిన్నవా అవ్వా?"

"అడిగేదానివి, ఇంత పెడతనంటే తింటవా? కాసినోళ్లు తినద్దు గదా."

"తిన్నవా, లేదా?"

ఆ గొంతు విని బుధ్రి సూదిపుల్ల ఆపింది. "తినలే. అయితే?"

"తినకు. మాంసం పాడైంది."

బుధ్రి రేణుకను కిందినుంచి పైకి చూసింది. "పొద్దున మీ అత్త తెచ్చినప్పుడు మంచిగుండె. పొయ్యి మీదికెక్కినంక పాడైందా?"

"చిరుత ముట్టింది గదా. మా కోళ్లు ఆ తునకలు తిని సచ్చినయి."

"ఎండకాలం కోళ్లు సస్తనే ఉంటయి. మా ఇంట సావలేదా?" బుధ్రి దొన్నె పక్కన పెట్టింది. "నిజం చెప్పు. మీ ఆయన పంపిండా? తొడ ఇచ్చినందుకు మీ అత్తను తిట్టిండా? వాపస్ తీసుకరమ్మన్నడా?"

"కాదవ్వా."

"నేను తోలు చూసిన. చెవి గాటు చూసిన. నా మేకే. మెడ మీద పంటి గాట్లు గూడ చూసిన." ఆమె గొంతు కొంచెం తగ్గింది. "సంతల నేను మాట తూలిన. నీ మొగడు దొంగ గాదు. వచ్చే సంతల అందరి ముందు ఆ మాట నేనే చెప్పాలె. పొద్దటి నుంచి ఎట్ల చెప్పాలె అనే కూసొని ఆలోచిస్తున్న. ఇప్పుడొచ్చి నువ్వు మాంసం వాపస్ అడుగుతున్నవ్. నేనేమనుకోవాలె?"

రేణుక పొయ్యి దగ్గరికి పోయి కొంగుతో కుండ అంచు పట్టుకుంది. బుధ్రి చెయ్యి వచ్చి ఆమె మణికట్టు మీద పడింది. ముసలి చెయ్యి, కానీ గట్టిది.

"నా ఇంట్ల నా కుండ ముడుతున్నవ్."

"తినకవ్వా. నీ కాళ్లు మొక్కుత."

"ఎందుకో చెప్పు, తినను."

మాట రేణుక నాలుక చివరి దాకా వచ్చింది. వాగు అవతల వీరేందర్ ఇంకా నిలబడే ఉన్నాడు. ఇక్కడి నుంచి అతని ముఖం కనబడదు. తడిసిన లుంగీ మాత్రం కనబడుతోంది.

"పాడైందని చెప్పిన గదా," అంది.

బుధ్రి చెయ్యి వదిలేసింది. ముఖం మళ్లీ సంతనాటి ముఖం అయింది.

"సరే. నేనెట్లాగు ఇప్పుడే తినను. జమానతు తిన్నంకనే గదా నేను తినాల్సింది. ఆయన నోటితోని ఆయన చెప్తడు మంచిదో, పాడైందో."

కుండను పట్టుకున్న రేణుక చెయ్యి అట్లాగే ఉండిపోయింది.

"ఎవరు తిన్నంక?"

"ఎవరేంది? మీ నాయిన. భూషణమే గదా మీకు జమానతు నిలబడింది. పాలుమేక సస్తే జమానతు నిలబడ్డోడు మొదటి ముద్ద తినాలె. తిని, లెక్క చుక్తా, ఇగ బాకీ లేదు అని మాటియ్యాలె. అప్పుడు నేను తింట. నీకు తెల్వదా?"

తెలుసు. ఎప్పుడో చిన్నప్పుడు చూసింది. పెళ్లయ్యాక వీళ్లింట్లో పాలుమేక ఏదీ చేతికి దొరికేలా చావలేదు. చిరుత ఎత్తుకుపోయిన పిల్లలకు తోలు లేదు, తొడ లేదు, ముద్ద లేదు. అందుకే ఆ మాట గుర్తు రాలేదు. వీరేందర్‌తో వాదిస్తున్నప్పుడు రాలేదు. తడిక దగ్గర నిలబడినప్పుడు రాలేదు.

"ఎప్పుడు పంపినవ్?"

"మీ అత్త వచ్చి పోంగనే. సగం తొడ కోసి పక్కింటి పోరడు గంగా బండి మీద పంపిన. వాడు ఎట్లాగు మీ నాయిన ఊరి మీదికెల్లే భోపాల్‌పట్నం పోతున్నడు."

"ఫోనియ్యి అవ్వా. ఫోనెక్కడ?"

బుధ్రి ఆమె ముఖం చూసి ఒళ్లో ఉన్న గుడ్డసంచి విప్పింది. లోపల పొగాకు, సున్నపు డబ్బీ, కింద ఫోన్.

ఫోన్ అప్పుడే మోగింది.

బుధ్రి తెర మీద వేలు పెట్టి, ఎప్పుడూ చేసేటట్టే స్పీకరు నొక్కింది. వాకిలంతా వినబడేంత పెద్దగా భూషణం గొంతు వచ్చింది. సంత రోజు నుంచి రేణుక ఆ గొంతులో అంత ఉల్లాసం వినలేదు.

"బుధ్రక్కా. తిన్న. కడుపు నిండ తిన్న. నా అల్లుడు అబద్ధం ఆడలే. లెక్క చుక్తా. ఇగ నువ్వు గూడ తిను."

"నాయినా," అంది రేణుక.

"ఎవరు? రేణుకనా? నువ్వు ఆడనే ఉన్నవా బిడ్డా? మంచిగైంది. ఇద్దరు కలిసి కూసున్నరంటే ఇగ లొల్లి లేనట్టే గదా."

"నాయినా, అమ్మ తిన్నదా?"

"మీ అమ్మకు ఇయ్యాల శనివారం గదా, ముట్టదు. ముట్టకపోయినా కారం మాత్రం దండిగ వేసింది. నోరంత చిరచిర అంటున్నది. నాలుక మొద్దుబారినట్టుంది." అతను నవ్వాడు. నవ్వు మధ్యలో తెగింది. "చెమటలు గూడ పోస్తున్నయి. ఎండకేమో."

"అమ్మకియ్యి ఫోను. తొందరగ. నాయినా, అమ్మకియ్యి."

అవతల ఫోన్ చేతులు మారిన చప్పుడు. మంచం కిర్రుమన్న చప్పుడు.

"ఏందే?" అంది తల్లి. "మీ నాయినను ఏమన్నవ్? మొఖం అట్ల పెట్టిండేంది?"

బుధ్రి లేచి నిలబడింది. ఆమె చూపు రేణుక మీద నుంచి కుండ మీదికి, కుండ మీద నుంచి రేణుక మీదికి పోయింది.

"అమ్మా, నాయినను ఇప్పుడే బండి మీద భోపాల్‌పట్నం ఆసుపత్రికి తీసుకపో. ఎవరినన్న పిలువు. ఆగకు. ఆ మాంసంల మందుంది. పురుగుల మందు. డాక్టరుకు అదే చెప్పు."

బుధ్రి మూత ఎత్తి కుండలోకి చూసి, మూత మళ్లీ పెట్టింది. తర్వాత పొయ్యిలోని కట్టెలు ఒక్కొక్కటే బయటికి లాగింది.

"ఏం మందు?" అంది తల్లి. గొంతు పూర్తిగా మారిపోయింది. "డాక్టరు అడుగుతడు బిడ్డా. పోయినేడు పక్కింటి పిల్ల మందు తాగినప్పుడు గూడ మొదట అదే అడిగిండు. పేరు తెల్వనిదే సూది ఎట్ల వెయ్యాలె అన్నడు. ఏం మందు? పేరు చెప్పు."

రేణుక వాగు వైపు తిరిగింది.

"మందు పేరేంది?" అని గొంతు చిరిగేటట్టు కేకేసింది.

అవతలి ఒడ్డున ఎవరూ లేరు. తడి ఇసుకలో కాలి గుర్తులు ఉన్నాయి. అవి ఇంటి వైపు పోలేదు. అడవి వైపు పోయాయి.